రబ్బరుపాల తలగడ

గృహిణి యగు స్త్రీ తాను కొను ప్రతి వస్తువును పరీక్షించియే కొనును. బియ్యమును దోసిట బట్టి నూకలెన్ని యున్నవో చూచును. వంకాయను త్రిప్పి పుచ్చున్నదేమో చూచును. చీర యంచును వ్రేళ్ళతో నలిపి నేత గట్టిదా యని విచారించును. కాని దినమునకు ఏడెనిమిది గంటలు తన శిరస్సును మోయు తలగడను ఆ కన్నులతో చూచువారు మనలో మిక్కిలి యరుదు. ఎన్నడో పుట్టినింటినుండి వచ్చినదో, పరుపు కొన్ననాడు అంగడివాడు ఊరక యిచ్చినదో తల క్రిందికి చేరును. గడ్డలు కట్టి, నడుమ గుంటపడినను అదియే సాగుచుండును. ఇంటికి క్రొత్త దిండ్లు వచ్చెనా, మొదటివి చుట్టములకు, తరువాతివి పురుషులకు, పిదపవి బిడ్డలకు. ఎవ్వరికిని పనికిరానిది గృహిణికి. ఈ వరుస యే శాస్త్రమును విధించినది కాదు. మనమే యేర్పరచుకొంటిమి, కావున మనమే మార్చుకొనవచ్చును.

నిద్ర యనునది సోమరితనమునకు తోబుట్టువని కొందరి యభిప్రాయము. ఆయుర్వేద శాస్త్రకర్తయగు చరకుడు అట్లు తలపలేదు. ఆహారము, నిద్ర, బ్రహ్మచర్యము అను మూడింటిని దేహమునకు ఊతకోలలని చెప్పి, అందు నిద్రను నడుమ నిలిపినాడు. ఇంటిలో అందరికంటె వెనుక పరుండి అందరికంటె ముందు లేచునది స్త్రీయే గదా! ఆమెకు దొరకునవి కొన్ని గంటలే యైనపుడు ఆ గంటలైనను మెడనొప్పి లేకయు, మాటిమాటికి దిండు మడచుకొను అవస్థ లేకయు గడువవలెను. నేడు అంగళ్ళలో విరివిగా కనబడుచున్న రబ్బరుపాల తలగడలను గూర్చి, అనగా లేటెక్సు దిండ్లను గూర్చి, తెలిసికొని యెన్నుకొను విధమును సోదరీమణుల యెదుట నుంచుటకే మేము ఈ వ్యాసమునకు పూనుకొంటిమి.

పడకకు తగిన తలగడ

మహాభారతమున భీష్మపర్వమందలి యొక ఘట్టము మీకందరకు తెలిసినదే. శరతల్పముపై నొరగిన పితామహునకు తల వ్రేలాడుచుండగా, రాజులు మెత్తని తలగడలను తెచ్చి నిలిచిరి. ఆయన వానిని కాదని, ఈ పడకకు తగిన తలగడ నిమ్మని యర్జునునితో ననెను. అర్జునుడు మూడు బాణములను నాటి ఆ శిరస్సును నిలిపెను. వీరధర్మము నటుంచి గృహధర్మమునకు వచ్చినను ఇందొక సత్యము గలదు: తలగడ మంచిదగునో కాదో దానిని మాత్రమే చూచి నిర్ణయింప వీలులేదు. ఏ పడకపై, ఏ దేహమునకు, ఏ శయనభంగిమకు అని యడుగవలెను.

మన మెడలో ఏడు వెన్నుపూసలు గలవు. అవి నిలువుగోడవలె తిన్నగా నుండవు. ముందువైపునకు కొంచెము వంగి విల్లువలె నుండును. మనము నిలుచున్నపుడు ఆ వంపు ఎట్లుండునో పరుండినపుడును ఇంచుమించుగ అట్లే యుండినచో మెడ కండరములు విశ్రమించును. దిండు మిక్కిలి యెత్తైనచో గడ్డము రొమ్మునకు చేరును. మిక్కిలి పల్లమైనచో తల వెనుకకు గాని ప్రక్కకు గాని వ్రాలును. రాత్రియంతయు అట్లుండిన కండరములే తెల్లవారి “మెడ పట్టినది” అని మనచేత ననిపించును. కావున తలగడ చేయవలసిన పని రెండు మాటలలో చెప్పవచ్చును: మెడకును పడకకును నడుమ నున్న యెడమును నింపుట, తలను మెడకు సరియగు రేఖలో నిలుపుట.

మన పెద్దల కాలమున బూరుగుదూది దిండ్లే ప్రధానము. దూదేకులవారు వింటితో వీథికి వచ్చి, పాతదూదిని ఏకి మరల నింపి యిచ్చెడివారు. ఏటేట ఏకించుకొన్న దిండు క్రొత్తదానివలె పొంగుచుండెను. నేడు పెక్కు పట్టణములలో ఆ వింటి నారి చప్పుడు వినుట యరుదైనది. ఏకించు అలవాటు తగ్గినది. దిండ్లు మాత్రము గడ్డకట్టుట మానలేదు. బూరుగుదూది మంచిదే, చల్లనిదే. కాని ఏకింపని బూరుగుదూది కొంతకాలమునకు తలక్రింద రాయి యగును. రబ్బరుపాల దిండు ప్రచారమునకు వచ్చుటకు ఇదియు నొక కారణము.

రబ్బరుపాలు ఎచ్చటివి?

లేటెక్సు అనునది రబ్బరు చెట్టు పాలు. ఆ చెట్టు పుట్టినిల్లు దక్షిణ అమెరికాలోని అమెజాను నదీప్రాంతపు అడవులు. 1876లో హెన్రీ విక్హాము అను ఆంగ్లేయుడు అచ్చటినుండి సుమారు 70 వేల విత్తనములను లండను సమీపమునందలి క్యూ తోటకు చేర్చెను. అందు మొలచిన మొక్కలు సింహళమునకును, ఇతర తూర్పు దేశములకును వచ్చెను. మనదేశమున 1902లో కేరళసీమలోని తట్టేక్కాడునందు వాణిజ్యము కొరకు మొదటి తోట వేయబడినది. నేటికిని రబ్బరు పండించుటలో కేరళమే మనదేశమున అగ్రస్థానమున నున్నది. త్రిపుర దాని వెనుక నున్నది. మన తెలుగు మన్యమునను రంపచోడవరము, మారేడుమిల్లి ప్రాంతములయందు రబ్బరు తోటలు గలవు.

చెట్టు బెరడును వాలుగా సన్నని గాటు పెట్టి తీసినచో తెల్లని పాలు బొట్టుబొట్టుగ క్రింది చిప్పలోనికి జారును. ఎండ ముదిరినకొలది పాలు తగ్గును గనుక గీతపనివారు తెల్లవారకముందే తోటకు పోవుదురు. వారిలో స్త్రీలును గలరు. మనము సుఖముగ పరుండు తలగడ మరియొక సోదరి నిద్ర చాలించి లేచిన వేకువతో మొదలగుచున్నదని మరువరాదు. ఆ పాలలో రబ్బరు సుమారు మూడవ వంతు; తక్కినది చాలవరకు నీరు. కవ్వముతో వెన్న తీసినట్లు యంత్రములలో త్రిప్పి చిక్కబరచి, చెడకుండ అమ్మోనియా కలిపి కార్ఖానాలకు పంపుదురు.

ఈ పాలను నురుగుగా చిలికి మెత్తలు చేయు విధమును 1929లో ఇంగ్లండునందలి డన్లప్ సంస్థలో మర్ఫీ అను శాస్త్రజ్ఞుడు కనిపెట్టెను. వంటింట గ్రుడ్లను గిలకొట్టు యంత్రముతోనే అతడు మొదట చిలికి చూచెనని చెప్పుకొందురు. చిలికిన నురుగును అచ్చులలో పోసి, గంధకాదుల సాయమున వేడిచే గట్టిపరుతురు. అచ్చులోని సన్నని సూదుల వలన దిండునిండ రంధ్రము లేర్పడును. వేడి లోపలివరకు ప్రాకుటకు ఆ సూదులు. గాలి యాడుటకు ఆ రంధ్రములు. ఇది డన్లప్ పద్ధతి. తలలే యను మరియొక పద్ధతి గలదు. అందు అచ్చును కొంతవరకే నింపి, గాలిని లాగివేసి నురుగును పొంగించి, చల్లబరచి గడ్డకట్టించి, పిదప వేడి చేయుదురు. డన్లప్ దిండు కొంచెము బరువుగను, అడుగున దట్టముగను ఉండును. తలలే దిండు అంతటను ఒకే తీరున తేలికగ, మెత్తగ నుండును. వెలయు సాధారణముగ హెచ్చు. ఒకటి మేలు, ఒకటి కీడు అని లేదు. గట్టిగ నుండవలెనను వారికి మొదటిది, మెత్తదనము కోరువారికి రెండవది.

దాని గుణములు

రబ్బరుపాల దిండును అదిమి విడిచినచో వెంటనే లేచును. స్మృతి ఫోము, అనగా మెమరీ ఫోము అను పేర అమ్మబడునది వేరు జాతి. అది పెట్రోలియము సంబంధమైన పదార్థముతో చేయబడి, వ్రేలు తీసిన పిదప మెల్లమెల్లగ లేచును. లేటెక్సు దిండు రాత్రి మొదట ఎంత యెత్తుండునో తెల్లవారుజామునను ఇంచుమించుగ అంతే యుండును. దాని ముఖ్యప్రయోజనము ఇదియే.

2009లో ప్రకటితమైన యొక ఆస్ట్రేలియా పరిశోధనమున, ప్రక్కకు తిరిగి పరుండు అలవాటుగల 106 మందికి పలురకముల దిండ్లను వారమున కొకటి చొప్పున ఇచ్చి చూచిరి. తెల్లవారి మెడనొప్పి విషయమునను, నిద్ర విషయమునను రబ్బరుపాల దిండు మేలనియు, పక్షియీకల దిండు తగదనియు తేలినది. అందే మరియొక సంగతియు తేలినది: మెడకొరకని గట్లు తీర్చిన ఫోము దిండునకు సాదా ఫోము దిండుకంటె విశేషమేమియు కానరాలేదు. కావున రెండు గట్లున్న రూపమునుచూచి యెక్కువ ధనమును ధారపోయ నక్కరలేదు. ఆ రూపము మీ మెడకు నచ్చిన సరే, నచ్చనిచో సాదాదిండే చాలును.

కొలత తెలిసికొను విధము

అంగడికి పోకముందే, ఫోనులో చూచి తెప్పించుకొనువారైనచో ఆ బొమ్మలను చూడకముందే, ఇంటిలో కొలత తీసికొనవలెను. ఇందులకు కావలసినవి నాలుగైదు పాత నూలుచీరలు. వానిని తలగడ వెడల్పున సమముగ మడచి ఒకదానిపై నొకటి పేర్చి, మీరు నిత్యము పరుండు పడకపైననే పరుండుడు. ఇంటిలోని మరియొకరిని ప్రక్కన నిలిచి చూడుమనుడు. ప్రక్కకు తిరిగి పరుండినచో ముక్కు, గడ్డము, రొమ్ము నడిమి యెముక ఒకే గీతలో, పడకకు సమాంతరముగ నుండవలెను. వెల్లకిల పరుండినచో నొసలును గడ్డమును ఒకే మట్టమున నుండవలెను. ఎత్తు చాలనిచో మరియొక మడత వేయుడు, హెచ్చైనచో తీయుడు. సరియైన చోట ఆ చీరల దొంతరను అదిమి బద్దతో కొలిచి వ్రాసికొనుడు. తల బరువునకు లేటెక్సు కొంచెము దిగును గనుక ఆ కొలతకు అర యంగుళము కలిపి కొనవచ్చును.

ప్రక్కకు పరుండు స్త్రీలకు సామాన్యముగ 4 అంగుళములు, అనగా 10 సెంటీమీటర్లకు ఇటునటు కావలసియుండును. భుజములు వెడల్పైన వారికి ఇంకను హెచ్చు. వెల్లకిల పరుండువారికి 2, 3 అంగుళములు చాలును. బోరగిల పరుండువారికి దిండు లేకుండుటయో, మిక్కిలి పలుచనిది యుండుటయో మంచిది. నిద్రలో అందరమును పొరలుదుము గనుక, ఎక్కువసేపు ఏ భంగిమలో నుందురో దానినే లెక్కకు తీసికొనవలెను.

పడకను మరువరాదంటిమి. చాపమీదనో బల్లమంచము మీదనో పరుండువారి భుజము దిగదు. కావున దిండు ఎత్తు కావలెను. మెత్తని పరుపులో భుజము దిగిపోవును. అప్పుడు పలుచని దిండు చాలును. నులకమంచము, నవారు మంచము నడుమ సాగి గుంటపడినచో ఎంత మంచి దిండైనను మెడను నిలుపలేదు. ముందు నులక బిగింపవలెను. భార్యాభర్తలకు ఒకే కొలత దిండ్లు జతగా కొనుట లోకాచారము. చెప్పులు ఒకే కొలతవి కొనుచున్నామా? దిండును అంతియే.

కొప్పు ముడిచికొని వెల్లకిల పరుండినచో తల ఒక యంగుళమైనను లేచును. కావున పరుండునపుడు కొప్పు విప్పి, జడను వదులుగ నల్లి ప్రక్కకు వేసికొనుట మేలు.

కొనునపుడు

అట్టపై “ప్రకృతిసిద్ధము” అని వ్రాసినంతమాత్రమున నమ్మరాదు. రబ్బరుపాలలో కృత్రిమ రబ్బరును కలిపిన దిండ్లును గలవు. పైపొర మాత్రము లేటెక్సు, లోపల ఫోము గలవియు గలవు. చెట్టుపాలు నూటికి ఎంత, లోపలి భాగమంతయు అదియేనా యని యడిగి, బిల్లుపై వ్రాయించుకొనవలెను. గోల్సు అను ముద్ర యున్నచో ముడిపదార్థమున నూటికి 95కు తక్కువకాక సేంద్రియ పద్ధతిని పండించినదని యర్థము. ఓకో టెక్సు అను ముద్ర హానికర రసాయనములను గూర్చిన పరీక్షకు గుర్తు. నిజమైన లేటెక్సు దిండు అంతే పరిమాణముగల ఫోము దిండుకంటె చేతికి బరువుగ తోచును. క్రొత్తలో రబ్బరు వాసన వచ్చును. నీడను గాలి తగులునట్లుంచినచో కొన్ని దినములకు తగ్గును. వెల బూరుగుదూది దిండుకంటె పలురెట్లు గనుక, కొన్ని దినములు వాడి నచ్చనిచో తిరిగి యిచ్చు వీలున్న చోటనే కొనుట వివేకము. కొందరు లోపలి పలుచని పలకలను తీసి ఎత్తు తగ్గించుకొనునట్లు చేసి యమ్ముదురు. కొలతయందు సందేహమున్నవారికి అవి మంచివి.

సంరక్షణము

ఇచ్చట మన పూర్వాచారము పనికిరాదు. దూది దిండును ఎండవేయుట మనకు పుట్టుకతో వచ్చిన విద్య. రబ్బరుపాల దిండును ఎండవేసినచో అది పసుపువన్నెకు మారి, బిరుసెక్కి, పొడిపొడిగ రాలును. కావున ఎండ కూడదు, ఇస్త్రీ కూడదు, బట్టలుతుకు యంత్రము కూడదు. నీటిలో ముంచినచో నీరు పీల్చి బరువెక్కి తన బరువునకే చిరుగును. మరకపడినచో తడిబట్టతో నద్ది తుడిచి, నీడలో పూర్తిగ నారనిచ్చి, అప్పుడు గలీబు తొడుగవలెను.

రబ్బరునకు రెండవ శత్రువు నూనె. నూనె తగిలిన రబ్బరు ఉబ్బి, మెత్తబడి, జిగటయగును. కొబ్బరినూనె రాచికొనని తల మన ఇండ్లలో అరుదు గనుక, దిండునకు రెండు నూలు గలీబులు తొడిగి, పైదానిని వారమునకు రెండుమార్లైనను ఉతుకవలెను. తలంటుకొన్ననాడు తడిజుట్టుతో పరుండరాదు; లోన తేమ నిలిచినచో బూజు పట్టును. తేమకు భయపడి ప్లాస్టిక్ తొడుగు వేసినచో గాలి యాడక చెమటపట్టును. మన కోస్తా వేసవిలో అది నిద్రకు విరోధి. నొక్కినచో లేవనిదియు, పగుళ్ళు చూపినదియు అగు దిండును మార్చవలసినదే.

ఎవరికి తగదు?

రబ్బరు బుడగను ఊదినను, రబ్బరు చేదొడుగులు తొడిగినను దురద, దద్దురులు, తుమ్ములు, ఆయాసము వచ్చువారు ఈ దిండును వైద్యుని యడుగక ముట్టరాదు. రబ్బరుపాలలోని మాంసకృత్తులే ఆ బాధకు కారణము. ఇట్టివారిలో కొందరకు అరటిపండు, ఆవకాడో మొదలగునవియు పడవు.

పసిబిడ్డల విషయము మరింత ముఖ్యము. తల గుండ్రముగ నగుటకు ఆవాల దిండు పెట్టుట మన ఇండ్లలో చిరకాలపు వాడుక. అమ్మమ్మలు ప్రేమతోనే కుట్టి పంపుదురు. వారిని తప్పుపట్టుట మా యుద్దేశము కాదు. కాని యేడాది నిండని శిశువునకు ఏ దిండును పనికిరాదనియు, చదునైన గట్టి పడకపై వెల్లకిల పరుండబెట్టవలెననియు నేటి శిశువైద్యులు ఘంటాపథముగ చెప్పుచున్నారు. ముఖము మెత్తలో కూరుకొనినచో పసివాడు తప్పించుకొనలేడు. ఊపిరి యాడక ప్రాణమే పోవచ్చును. కావున “చిన్నారి లేటెక్సు దిండు” అని ఎంత ముద్దుగ అమ్మినను శిశువు పడకలో నుంచరాదు. అమ్మమ్మ దిండును కన్నులకద్దుకొని పెట్టెలో దాచుకొనుడు.

వార్ధక్యముచే వీపు వంగిన పెద్దలకు ఎత్తు దిండే కావలసియుండును. పుస్తకములో పలుచనిది మేలని యున్నదని అత్తగారి రెండు దిండ్లలో నొకటి లాగివేయరాదు. నిండు నెలల గర్భవతి ప్రక్కకు తిరిగి పరుండుటను వైద్యులు కోరుదురు. ఆమెకు తలక్రింద నొకటియు, మోకాళ్ళ నడుమ నొకటియు ఉండినచో నడుమునకు హాయి.

కడపట నొక మాట. మా వీథిలో నొక యిల్లాలికి తెల్లవారులేచునప్పటికి కుడిచేయి తిమ్మిరెక్కుచుండెను. దిండు దోషమని తలచి యేడాదిలో మూడు దిండ్లు మార్చినది. తుదకు వైద్యునికి చూపగా మెడలో నరము నొక్కుకొన్నదని తేలి, తగిన చికిత్స జరిగినది. దిండు సుఖమునకు సాధనము, ఔషధము కాదు. తిమ్మిరి, చేతిపట్టు తగ్గుట, జ్వరముతో మెడ బిగియుట, గురకలో ఊపిరి యాగుట వంటి లక్షణము లున్నచో అంగడికి పోవలదు, వైద్యశాలకు పొండు.

మెడకు బాధ లేనివారును, దూది ఏకించుకొను వీలున్నవారును తమ పాతదిండును విడువ నక్కరలేదు. మార్చవలసినవారు చీరల దొంతరతో కొలిచి, అడిగి, చూచి కొందురుగాక. ఎట్టి దిండైనను, ఈ రాత్రి పరుండుటకు ముందు మన తలక్రిందనున్న దానిని ఒకసారి చేతితో అదిమి చూతము. అదిమినచోట గుంట నిలిచిపోయినచో, ఇంటిలో ఈమారు క్రొత్త దిండు మొదట ఎవరికో మనమే నిర్ణయించుకొందము.